పుడ్డింగు కోసం పోలీసు బండి

పావెల్స్ ఫోర్డ్, ఇండియానా
అక్టోబరు 4

ఇనప సామాన్ల కొట్టు మీద మేడగదిలో ప్రాక్టీసు చేసుకుంటున్న లాయరు ఎమ్మెట్ ఓబర్‌మేయర్ గారికి, క్వారీ రోడ్డు నుంచి ఒపల్ రిట్టర్ నమస్కారాలు.

పాత కేసులు చెరిపిస్తామని మీరు కొత్తగా బోర్డు రాయించారట. నా స్నేహితురాలు అర్డిత్ చూసి వచ్చి చెప్పింది. నాకొక పాత కేసు ఉంది. దాన్ని చెరిపించాలి.

ఈ కౌంటీలో నా కేసు తెలియనివాళ్ళు లేరు. అయినా కోర్టు వ్యవహారం కాబట్టి మొదటినుంచీ రాస్తున్నాను. నలభై ఏళ్ళ కిందట నేను మెయిన్ స్ట్రీట్‌లో బ్లూ హెన్ హోటల్లో వంట చేసేదాన్ని. ఆ రోజు పెర్సిమన్ పండ్ల జాతర. పుడ్డింగుల పోటీకి మధ్యాహ్నం పన్నెండు లోపల పళ్ళెం అందించాలి. నా పుడ్డింగు అద్భుతంగా కుదిరింది. బయల్దేరదామని వెనక తలుపు తీశాను కదా, డిప్యూటీ వెర్న్ స్టక్కీ తన పోలీసు కారును సరిగ్గా నా బండికి అడ్డంగా ఆపి ఉన్నాడు. ఇంజను నడుస్తోంది. మనిషి లేడు. ముందు గదిలో కూర్చుని డోనట్లు లాగిస్తున్నాడు. ఆయన తిని, మూతి తుడుచుకుని వచ్చేసరికి పోటీ అయిపోతుంది. నేను పుడ్డింగును ఒళ్ళో పెట్టుకుని ఆ కారులోనే వెళ్ళిపోయాను.

దారిలో తుంపర మొదలైతే అద్దం తుడుద్దామని ఏదో మీట నొక్కాను. సైరన్ మోగింది. ఆపడం చేతకాలేదు. దారి పొడుగునా బళ్ళన్నీ పక్కకు ఒదిగి నిలబడ్డాయి. నా పెళ్ళిరోజున కూడా నాకు అంత మర్యాద జరగలేదు.

పుడ్డింగుకు మూడో బహుమతి వచ్చింది. నాకు శిక్ష పడింది. జడ్జిగారు దయతలచి జైలుకు పంపలేదు గాని, కాగితం మీద మాత్రం వాహన దొంగనని ఉండిపోయింది. ఇన్నేళ్ళూ దానివల్ల నాకేమీ నష్టం లేదు. పైగా హోటల్లో ఆ కథ చెప్పమని అడిగి మరీ కాఫీ తాగేవాళ్ళు.

ఇప్పుడు నష్టం వచ్చింది. బ్లూ హెన్ మూసేశారు. మన చిన్నపిల్లల స్కూల్లో వంటావిడ మానేసింది. పిల్లలకు అట్టపెట్టెల్లో వచ్చిన గడ్డకట్టిన తిండి వేడిచేసి పెడుతున్నారు. హెడ్‌మిస్ట్రెస్ డెల్ఫ్ గారు నా ఇంటికే వచ్చి ఉద్యోగం ఇస్తానన్నారు. తీరా నా పాత చరిత్ర వాకబు చేస్తే ఈ దొంగతనం బయటపడింది. పాపం ఆవిడ నాకంటే ఎక్కువ బాధపడింది. క్రిస్మస్ సెలవులు అయ్యేదాకా ఆ ఉద్యోగం ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానంది. ఒంటరిగా నాకు నేనే వండుకు తినడం నాకు చేతకావడం లేదు. ఆ ఉద్యోగం నాకు కావాలి.

ఇట్లు,
ఒపల్ రిట్టర్

తా.క. ఫోను చేయకండి. ఫోనులో నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం నేను కల్పించుకుంటాను. ఇంకో సంగతి. నిన్ను మీరు అని రాయడానికి నా చెయ్యి రావడం లేదు. మీ అమ్మ గ్లాడిస్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నీ డైపర్లు మార్చినదాన్ని.

*

అక్టోబరు 9

గౌరవనీయులైన ఒపల్ గారికి,

మీ కేసు సంతోషంగా తీసుకుంటున్నాను. మీకు పడిన శిక్ష చట్ట ప్రకారం కొట్టివేయించదగినదే. కోర్టు ఒప్పుకుంటే ఆ కాగితాలకు సీలు వేస్తారు. స్కూలువాళ్ళు ఎంత వాకబు చేసినా ఏమీ కనబడదు.

ఒక్క హెచ్చరిక. మన రాష్ట్రంలో ఈ అవకాశం మనిషికి జీవితంలో ఒక్కసారే. ఇప్పుడు వదిలేసినదాన్ని మళ్ళీ వచ్చి అడుగుతామంటే కుదరదు. అందుచేత ఏ ఊళ్ళో జరిగినదైనా, ఎంత పాతదైనా, ఎంత చిన్నదైనా ఏదీ దాచకుండా నాకు రాయండి.

భవదీయుడు,
ఎమ్మెట్ ఓబర్‌మేయర్, లాయరు

తా.క. డైపర్ల సంగతి పిటిషన్‌లో రాయనక్కరలేదు. కోర్టులో కూడా ఎత్తకపోతే మేలు.

*

అక్టోబరు 15

ఎమ్మెట్ బాబుకి,

జీవితంలో ఒక్కసారే అని నువ్వు రాసిన దగ్గరనుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఏదీ దాచవద్దన్నావు కాబట్టి దాచడం లేదు.

చర్చి విందుల్లో నా చేతి నూడుల్స్ అని అందరూ మెచ్చుకుంటూ తిన్నవి కొట్లో కొన్నవి. పిండి పిసికే ఓపిక లేక ఒక ఏడాది కొన్నాను. ఎవరూ కనిపెట్టలేదని ఇక అదే అలవాటైపోయింది. తర్వాత, కెంటకీలో మా ఆయన బతికుండగా లైసెన్సు లేకుండా చేపలు పట్టాం. అటవీ గార్డు పేరు అడిగితే అర్డిత్ పేరు చెప్పాను. పాపం అర్డిత్‌కి అక్కణ్నుంచి జరిమానా కాగితం వస్తే, తన పేరుతో ఇంకొకతి ఉందని ఇప్పటికీ అనుకుంటోంది. ఇండియానాపొలిస్‌లో ఒక పెద్ద హోటల్ స్పూను నా సంచిలో పడి వచ్చింది. పడింది అని రాశాను గాని, దానంతట అది పడలేదు.

జనాభా లెక్కలకు వచ్చిన కుర్రవాడితో మా ఇంట్లో ఐదుగురం ఉంటామని చెప్పాను. నిజానికి ఇద్దరమే. మిగతా ముగ్గురూ కుక్కలు. వాటి పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు.

ఇవి కాక ఎదురింటివాళ్ళ దొడ్లో పెరిగే పుల్లటి రూబార్బ్ కాడలు ప్రతి వసంతంలోనూ కోసేదాన్ని. అది ఏ కౌంటీ కోర్టు కిందికి వస్తుందో నువ్వే చూడు. ఆ దొడ్డి సగం అవతలి కౌంటీలో ఉంది.

నీ శ్రేయస్సు కోరే
ఒపల్

తా.క. ఒకటి మిగిలింది. మీ అమ్మ పెళ్ళి కేకులో చక్కెర బదులు ఉప్పు వేసింది నేనే. కావాలని కాదు, డబ్బా మారింది. నింద మీ మేనత్త లొరీన్ మీద పడింది. అప్పటినుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు కదా. ఇదీ కొట్టేయించగలవా?

*

అక్టోబరు 21

గౌరవనీయులైన ఒపల్ గారికి,

నేను రాసినది మీరు మరోలా తీసుకున్నారు. పోలీసులు పట్టుకుని కోర్టులో పెట్టినవి మాత్రమే నాకు కావాలి. నూడుల్స్, రూబార్బ్, కుక్కలు ఈ చట్టం కిందికి రావు. దయచేసి ఇక ఏమీ గుర్తు చేసుకోకండి.

ఒక పొరపాటు నావల్ల జరిగింది, క్షమించాలి. మీ ఉత్తరం బల్లమీద వదిలేసి కిందికి వెళ్ళాను. ఇంతలో మా అమ్మ భోజనం డబ్బా తెచ్చి, తన పేరు కనబడితే చదివేసింది. నేను పైకి వచ్చేసరికి డబ్బా ఉంది, అమ్మ లేదు. నేరుగా లొరీన్ అత్తయ్య ఇంటికి వెళ్ళిందట. ఇప్పుడు రోజుకు రెండు పూటలా ఫోనులో మాట్లాడుకుంటున్నారు. ఎక్కువగా మీ గురించే.

ఇక అసలు సంగతి. పిటిషన్ వేశాను. ఇందులో బాధితుడైన వెర్న్ స్టక్కీ గారికి ప్రాసిక్యూటర్ ఆఫీసు తెలియజేస్తుంది. ఆయన ఇప్పుడు రిటైరై మిల్ క్రీక్ దగ్గర ఉంటున్నారు. తనకు అభ్యంతరం ఉంటే చెప్పుకునే హక్కు ఆయనకు ఉంది. మీరు ఆయనను ప్రలోభపెట్టారనే మాట రాకూడదు. కబురు పెట్టవద్దు. పుడ్డింగు పంపవద్దు. ఒక్క మాట కూడా మాట్లాడవద్దు. ఈ అవకాశం గురించి ఊళ్ళో చాటవద్దు.

భవదీయుడు,
ఎమ్మెట్

తా.క. మీ నూడుల్స్ సంగతి నేను బయటపెట్టను. కాని అవి తిని పెరిగినవాణ్ణి. రెండు రోజులుగా మనసు బాగాలేదు.

*

అక్టోబరు 27

ఎమ్మెట్ బాబుకి,

ఊళ్ళో చాటవద్దని నువ్వు రాసిన ఉత్తరం నాకు సోమవారం అందింది. ఆదివారమే చర్చిలో చాటేశాను. ఎమ్మెట్ ఒక్కసారికి అన్నీ చెరిపించేస్తాడట, మళ్ళీ దొరకదట అంటే, పాస్టర్ ప్రసంగానికి కూడా ఎవరూ అంత శ్రద్ధగా కూర్చోలేదు. శనివారం పొద్దున్నే నీ ఆఫీసుకు వస్తున్నారు. మెట్లు ఊడ్పించు.

వెర్న్ విషయంలో మాత్రం నువ్వు చెప్పినది చెప్పినట్టే చేశాను. నిన్న కిరాణా కొట్లో ఎదురుపడ్డాడు. మాట్లాడకూడదు కదా అని గుమ్మడికాయల గుట్ట వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, లేవలేకపోయాను. ఆయనే చూసి వచ్చి చెయ్యి ఇచ్చి లేపాడు. "దెబ్బ తగిలిందా ఒపల్?" అని అడిగాడు. నేను నోరు విప్పలేదు. నా బుట్ట తెచ్చి అందించాడు. అప్పుడూ విప్పలేదు. తల పక్కకు తిప్పుకుని వచ్చేశాను. లాయరు మాటకు ఇంత విలువ ఇచ్చిన మనిషి నీకు ఇంకెక్కడా దొరకదు.

ఇట్లు,
ఒపల్

తా.క. చేపల సంగతి అర్డిత్‌కి కూడా చెప్పాను. కోపం రాలేదు. తన పేరుతో కెంటకీలో ఒక దుర్మార్గురాలు తిరుగుతోందని ఇన్నేళ్ళూ కొంచెం గర్వంగా ఉండేదట. ఇప్పుడు ఆవిడ లేదని తెలిసి దిగులుపడుతోంది.

*

నవంబరు 6

గౌరవనీయులైన ఒపల్ గారికి,

శనివారం మెట్ల మీదనుంచి ఇనప సామాన్ల కొట్టు లోపలి దాకా వరస నిలబడింది. ఒకాయన తన తండ్రి కొట్టం తగలబడడానికి కారణం తన సిగరెట్టేనని ఏడ్చాడు. ఒకావిడ మొగుడికి తెలియకుండా కొన్న టోపీల గురించి చెప్పింది. కింది కొట్టువాడు వాళ్ళందరికీ మేకులు, బల్బులు అమ్ముకున్నాడు. నేను మాత్రం ఇది పాపాలు కడిగే గది కాదని గొంతుపోయేలా చెప్పుకున్నాను.

కాని ఆ జనంలో ముగ్గురు చివరిదాకా ఉండి, అందరూ వెళ్ళాక తలుపు వేసి మాట్లాడారు. ముగ్గురికీ నిజమైన పాత కేసులు ఉన్నాయి. అవి చెరుగుతాయని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఒకతను ఈ పాతికేళ్ళలో ఒక్క మంచి ఉద్యోగానికి కూడా అర్జీ పెట్టుకోలేదు, అడుగుతారని భయపడి. మీవల్ల వాళ్ళు వచ్చారు. అందుకు కృతజ్ఞుణ్ణి.

ఇక చెడ్డవార్త. వెర్న్ గారు అభ్యంతరం పెట్టారు. ప్రాసిక్యూటర్ కూడా ఆయన వైపే. డిసెంబరులో జడ్జిగారి ముందు విచారణ. వెర్న్ గారు రాసి ఇచ్చినది మీకు తెలియాలి కాబట్టి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"ఆ పూట నేను డోనట్లు తినలేదు. హోటల్ ముందు గదిలో ఒక మనిషికి గొంతులో మాంసం ముక్క అడ్డం పడి ఊపిరి ఆడడం లేదని కేక వినబడింది. ఇంజను ఆపకుండా పరిగెత్తాను. ముక్క కక్కించి బయటికి వచ్చేసరికి కారు లేదు. అజాగ్రత్తగా ఉన్నానని మా పైఅధికారి షెరీఫ్ నా సర్వీసు రికార్డులో మచ్చ రాశాడు. నలభై ఏళ్ళుగా నన్ను చూస్తే జనానికి డోనట్లు గుర్తొస్తాయి. రిటైరైన రోజున కూడా డోనట్లే తెచ్చి పెట్టారు. మొన్న కొట్లో ఒపల్ పడిపోయి ఉంటే లేపాను. నా మొహం కూడా చూడలేదు. ఆమె రికార్డు చెరిపేస్తారు సరే. నా సంగతేమిటి?"

ఆయనతో మాట్లాడవద్దన్నది నేనే. గుమ్మడికాయల వెనక కూర్చోమనలేదు. అయినా తప్పు నాదే అనిపిస్తోంది.

భవదీయుడు,
ఎమ్మెట్

తా.క. టోపీల ఆవిడ భర్త కూడా అదే వరసలో, ఆవిడ వెనక నలుగురి తర్వాత ఉన్నాడు. అతను చెప్పినది నేను చెప్పకూడదు. ఇద్దరికీ ఇద్దరూ సరిపోయారని మాత్రం చెప్పగలను.

*

నవంబరు 12

ఎమ్మెట్ బాబుకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దేవుడి సాక్షిగా నాకు ఆ సంగతి తెలియదు. నేను వెనక తలుపునుంచి పోయినదాన్ని. ముందు గదిలో ఏం జరిగిందో చూడలేదు. పోలీసువాడు హోటల్లోకి ఎందుకు వెళ్తాడు, డోనట్ల కోసమే కదా అనుకున్నాను. అనుకున్నదాన్ని చూసినట్టు చెప్పాను. జనం నవ్వితే ఇంకో రెండు డోనట్లు కలిపాను. చివరికి మీసాలకు చక్కెర కూడా అంటించాను. ఆయనకు మీసాలు లేవు.

అర్డిత్ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆ మాంసం ముక్క అడ్డంపడ్డది ఎవరికో తెలుసా? అర్డిత్ మొగుడు క్లైడ్‌కే. వెర్న్ పుణ్యమా అని ఆ మనిషి ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికి, నలుగురు మనవలను ఎత్తుకున్నాకే పోయాడు. "మరి నాకు ఇన్నేళ్ళూ చెప్పవేమే?" అంటే, "నువ్వెప్పుడు అడిగావు? అయినా నీ కథ బావుండేది. మధ్యలో క్లైడ్ దగ్గితే పాడవుతుందని ఊరుకున్నా" అంది. నాకు నవ్వాలో దాన్ని కొట్టాలో తెలియలేదు.

వెర్న్‌తో మాట్లాడకూడదన్నావు, మాట్లాడను. మిగతా కౌంటీతో మాట్లాడకూడదని అనలేదు కదా. ఈ వారమంతా ఆ పనే. మంగలి దుకాణం, చర్చి, పశువుల దాణా కొట్టు, గ్రంథాలయం అన్నీ తిరిగాను. కథ మళ్ళీ మొదటినుంచీ చెబుతున్నాను, ఈసారి క్లైడ్‌తో సహా. అర్డిత్‌ని వెంట తీసుకెళ్తున్నాను. క్లైడ్ దగ్గడం అది చేసి చూపిస్తుంది. మరీ ఎక్కువ చేస్తోంది గాని, చూసినవాళ్ళు వెర్న్ గురించి మళ్ళీ డోనట్ల మాట ఎత్తరు.

ఉద్యోగం రాకపోయినా ఈ పని పూర్తిచేస్తాను. ఇది మాత్రం కోర్టు చెరపలేదు కదా, నేనే చెరపాలి.

ఇట్లు,
ఒపల్

తా.క. దాణా కొట్లో అర్డిత్ దగ్గు చూసి ఒకతను నిజమనుకుని వీపు మీద గట్టిగా గుద్దాడు. కట్టుడు పళ్ళు ఎగిరి కోడిపిల్లల తొట్లో పడ్డాయి. పళ్ళకేమీ కాలేదు. పిల్లలే ఇంకా తేరుకోలేదు.

*

డిసెంబరు 12

ఎమ్మెట్ బాబుకి,

విచారణలో నువ్వు నా పక్కనే ఉన్నావు కాబట్టి జరిగింది నీకు తెలిసినదే. కాని నేను చెప్పాల్సింది కొంత ఉంది.

నువ్వు నల్లకోటు వేసుకుని, గొంతు సవరించుకుని మాట్లాడుతుంటే మీ అమ్మ వెనక బెంచీలో లొరీన్ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను లేచి, డోనట్ల కథ నేను అల్లినదనీ, వెర్న్ ఆ పూట చేసింది ఇదనీ చెబుతున్నప్పుడు బెంచీ అంచు పట్టుకున్నాను. పోలీసు కారు నడిపినప్పుడు స్టీరింగు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

జడ్జిగారు వెర్న్‌ని ఇప్పుడేమంటారని అడిగితే, ఆయన లేచి తన అభ్యంతరం సంగతి పక్కనపెట్టి ఎదురు ప్రశ్న వేశాడు చూశావా. "అమ్మా, ఇది కొట్టేస్తే ఒపల్‌కి శిక్ష పడనట్టేనా?" అన్నాడు. చట్టం దృష్టిలో అంతేనని ఆ జడ్జిగారావిడ చెప్పింది. "అసలేమీ పడనట్టే?" అని మళ్ళీ అడిగాడు. అవునంది. "అయితే నాకు అభ్యంతరం లేదు" అని కూర్చున్నాడు. ఆ ప్రశ్న ఎందుకడిగాడో నాకు అర్థం కాలేదు గాని, మొహం మాత్రం వెలిగిపోయింది.

నువ్వు కాగితాల కోసం కిందికి వెళ్ళాక, వసారాలో నా దగ్గరికి వచ్చాడు. ఇక మాట్లాడవచ్చు కదా అని నేనే రెండడుగులు ఎదురెళ్ళాను. "మంగలి దుకాణంలో నన్ను చూసి లేచి నిలబడ్డారు ఒపల్. ఎందుకో తెలీక తువ్వాలు మెడకున్నట్టే పారిపోబోయాను" అన్నాడు. నేను క్షమించమన్నాను. "నువ్వు బాగా నడిపావు. వంతెన దగ్గర మలుపు అంత వేగంలో నేనెప్పుడూ తిప్పలేకపోయాను" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

జడ్జిగారి ఉత్తర్వు ఎప్పుడు వస్తుందో రాయి. వంటింట్లో గరిటెలన్నీ తోమి పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒపల్

తా.క. ప్రాసిక్యూటర్ గారు బయట నన్ను ఆపి, తన ఆఫీసు తరఫున శుభాకాంక్షలన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, కొట్లో నూడుల్స్ ఏ కంపెనీవో చెప్పమన్నాడు. నీ నోటినుంచి కాకపోతే ఆయనకెలా తెలిసిందో నాకు తెలియాలి.

*

జనవరి 9

గౌరవనీయులైన ఒపల్ గారికి,

ఉత్తర్వు అందింది. మీ పాత కేసు సీలు వేసి మూసేశారు. డెల్ఫ్ గారు మళ్ళీ వాకబు చేయించారు, ఏమీ కనబడలేదు. సోమవారం పొద్దున ఆరింటికల్లా స్కూలు వంటింటి తాళాలు మీకు ఇస్తారు. పిల్లలు మీకోసం కాగితాలతో ఒక పోలీసు కారు చేసి గోడకు అంటించారట. చట్టం చెరిపినది పిల్లలకు వర్తించదని డెల్ఫ్ గారికి చెప్పాను.

నూడుల్స్ విషయం నానుంచి పోలేదు. మా అమ్మకు ఫోనుంది.

ఇప్పుడు మీకు తెలియనిది చెబుతాను. విచారణ అయిన మర్నాడు నేను ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద వెర్న్ గారు ఇస్త్రీ బట్టల్లో కూర్చుని ఉన్నారు. నన్ను లాయరుగా పెట్టుకోవడానికి వచ్చారు. "నాయనా, జడ్జిగారన్నది నువ్వూ విన్నావు కదా. ఒపల్‌కి శిక్షే పడలేదు. అంటే దొంగతనం లేదు. దొంగతనం లేకపోతే నా కారు పోలేదు. పోని కారుని పోగొట్టుకున్నానని నా మీద మచ్చ ఎలా రాస్తారు?" అన్నారు.

శిక్ష పడనట్టే అన్నంత మాత్రాన జరిగినది జరగనట్టు కాదని చెప్పబోయాను. ఆయన విననే లేదు. నోటీసు అందినప్పటినుంచీ ఆ చట్టం ప్రతి రాత్రీ చదువుతున్నారట. మీ మీద అభ్యంతరం పెట్టినది కోపంతోనే. కాని నవంబరు నెలాఖరుకే కోపం పోయింది. జడ్జిగారి నోట ఆ ఒక్క మాట సాక్షుల ముందు అనిపించాలని విచారణ దాకా ఆగారు. ఇన్నాళ్ళూ మన పిటిషన్ గెలవాలని మనకంటే ఎక్కువగా కోరుకున్న మనిషి ఎదుటిపక్షంలో కూర్చుని ఉన్నాడు. నాకు తెలియలేదు.

ఇద్దరం కలిసి షెరీఫ్ దగ్గరికి వెళ్ళాం. ఇప్పటి షెరీఫ్ ఒక అమ్మాయి, మీకు తెలుసుగా, అప్పటికి పుట్టనే లేదు. మా వాదన అంతా విని, ఇందులో చట్టం తక్కువ, గడుసుతనం ఎక్కువ అంది. తర్వాత బీరువా తీసి, ఆ పాత మచ్చ కాగితం చదివి, క్లైడ్ పేరు అందులో ఎక్కడా లేదని వేలితో చూపించింది. మచ్చ కొట్టేసి సంతకం పెట్టింది. ఆఫీసు గోడమీద మచ్చ లేకుండా పనిచేసినవాళ్ళ పేర్లు చెక్కిన ఇత్తడి పలక ఉంది. వచ్చే శుక్రవారం దానిమీద వెర్న్ గారి పేరు ఎక్కుతుంది. అర్డిత్ గారు మాట్లాడతానన్నారు, దగ్గు వద్దని బతిమాలుకున్నాను. మీరు తప్పక రావాలి.

మీ ఆప్తుడు,
ఎమ్మెట్

తా.క. సంతకం పెట్టేముందు షెరీఫ్ ఒక్కటే అడిగింది. కారు దొంగతనం కాలేదంటే, ఆ పూట అది సైరన్ వేసుకుని జాతరకు ఎందుకు వెళ్ళినట్టు అని. వెర్న్ గారు అటెన్షన్‌లో నిలబడి, "అత్యవసరం మీద ఒక పౌరురాలిని సకాలంలో చేరవేశామమ్మా" అన్నారు. ఆమె అదే రాసుకుంది. డ్రైవరు ఎవరని అడగలేదు.